పులికాట్: వేట మానేశాకే అసలు ముప్పు.. పెద్దవాళ్ల షుగర్ లెక్క మారేది అక్కడే!

పొద్దున చీకటితోనే పడవ ఎక్కే మనిషికి షుగర్ ఏం వస్తుందిలే అనుకుంటాం. ఎండలో పని, నీళ్లలో నడక, వల లాగే చేతులు. నిజమే, ఆ కష్టం చేస్తున్నంతకాలం ఒంటికి అదే రక్షణ. మరి ఆ కష్టం ఆగిపోయాక?

మోకాళ్లు పట్టేసి, చూపు మందగించి, ఏ 60 ఏళ్లకో వేట మానేసి ఇంటి అరుగు మీద కూర్చుంటారు. అన్నం మాత్రం వేటకు వెళ్లిన రోజుల్లో తిన్నంతే తింటారు. టీలో చక్కెర తగ్గదు, ఎండు చేపలో ఉప్పూ తగ్గదు. షుగర్ ముప్పు పెరిగేది సరిగ్గా అప్పుడే. ఆ సమయంలోనే మన ఇళ్లలో గానీ, మన ఆరోగ్య వ్యవస్థలో గానీ ఎవరూ పెద్దాయన వైపు చూడరు. పులికాట్ తీరంలో పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

పక్షులు కనిపిస్తాయి.. పెద్దవాళ్లు కనిపించరు

దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఆంధ్ర, తమిళనాడు సరిహద్దులో ఉన్న ఈ సరస్సులో ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినప్పుడు సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి.

పులికాట్ వార్తల్లోకి ఎక్కేది రెండు సందర్భాల్లో. ఒకటి ఫ్లెమింగో ఫెస్టివల్, రెండోది శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం. సరస్సు మీదుగా వేసిన రోడ్డు దాటితేనే షార్ వస్తుంది. ఆ రోడ్డు మీద వెళ్లే కెమెరాలు పక్షుల్ని చూపిస్తాయి, నిప్పులు చిమ్మే రాకెట్‌ని చూపిస్తాయి. సరస్సు చుట్టూ బతికే పట్టపు, యానాది కుటుంబాల్లోని తాతలు, అవ్వల ఆరోగ్యం మాత్రం ఎవరికీ వార్త కాదు.

ఇక్కడి పరిస్థితి మిగతా ఊళ్లలాంటిది కాదు. ఇరకం దీవిలో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే ముందు పడవ ఎక్కాలి. కొడుకులు, కోడళ్లు చాలామంది శ్రీసిటీ కంపెనీల్లో షిఫ్టులకో, చెన్నై పనులకో వెళ్తారు. పగలంతా ఇంట్లో ఉండేది పెద్దవాళ్లే. వాళ్లు వేసుకునే మాత్ర, తినే తిండి, కాలికి తగిలిన దెబ్బ.. ఏదీ ఎవరి కంటా పడదు.

దేశం లెక్కలు ఏం చెబుతున్నాయి?

ముందు పెద్ద చిత్రం చూద్దాం. ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది ప్రీ డయాబెటిస్ దశలో, అంటే గుమ్మం దగ్గర ఉన్నారు. పెద్దల్లో మూడో వంతు కంటే ఎక్కువ మందికి, 35.5 శాతం మందికి బీపీ ఉంది.

45 ఏళ్లు దాటినవాళ్ల మీద 2017-19 మధ్య దేశమంతా జరిగిన లాసీ సర్వే ఇంకో చేదు నిజం చెప్పింది. ఆ వయసువాళ్లలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి షుగర్ ఉంది. ఉన్నవాళ్లలో ప్రతి ఐదుగురిలో ఇద్దరికి ఆ సంగతే తెలియదు. తెలిసినవాళ్లలో కూడా సగం మందికి షుగర్ అదుపులో లేదు.

అదే సర్వేలో పల్లెల కంటే పట్నాల్లో షుగర్ దాదాపు రెట్టింపు కనిపించింది. అది చూసి పల్లెలో ఉన్నాం కదా, మనకు భయం లేదులే అనుకోవద్దు. పల్లెలో షుగర్ తక్కువగా ఉండటానికి ఒక పెద్ద కారణం కాయకష్టం. ఆ కష్టం తగ్గినకొద్దీ తేడా కూడా తగ్గిపోతుంది. పులికాట్ తీరంలో ఇప్పుడు కష్టం చేసే చేతులు మారుతున్నాయి. పిల్లలు కంపెనీ పనుల్లోకి, పెద్దలు అరుగు మీదకు!

టేపు ఉంటే చాలు.. లెక్క మీరే వేయండి

చెన్నైలో డాక్టర్ వి.మోహన్ బృందం 2005లో ఒక సులువైన పద్ధతి తయారుచేసింది. పేరు ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోర్. సూది అక్కర్లేదు, రక్తం అక్కర్లేదు. నాలుగే ప్రశ్నలు, వందకు మార్కులు.

• వయసు: 35 లోపు 0. 35 నుంచి 49 వరకు 20. 50 దాటితే 30.
• నడుము కొలత: మగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపు 0, 90 నుంచి 99 వరకు 10, 100 దాటితే 20. ఆడవాళ్లకు 80 లోపు 0, 80 నుంచి 89 వరకు 10, 90 దాటితే 20.
• శ్రమ: గట్టి శ్రమ, వ్యాయామం ఉంటే 0. ఏదీ లేక కూర్చునే జీవితమైతే 30. మధ్యరకంగా ఉన్నవాళ్లకు మధ్య మార్కులు.
• తల్లిదండ్రులు: ఇద్దరిలో ఒకరికి షుగర్ ఉంటే 10, ఇద్దరికీ ఉంటే 20.

మొత్తం 60 దాటినా, 60 వచ్చినా ముప్పు ఎక్కువని అర్థం. 30 నుంచి 50 మధ్య అయితే ఓ మోస్తరు ముప్పు.

ఇప్పుడు దీన్ని పులికాట్‌కు తెచ్చి చూద్దాం. 62 ఏళ్ల పెద్దాయన అనుకోండి. బొజ్జ లేదు, నడుము 88 సెంటీమీటర్లు. ఇంట్లో ఎవరికీ షుగర్ లేదు. రోజూ వేటకు వెళ్తున్నారు. వయసుకు 30, మిగతా మూడింటికీ సున్నా. మొత్తం 30. అదే మనిషి వేట మానేసి ఆరు నెలలు ఇంట్లో కూర్చుంటే? వయసుకు 30, కూర్చున్నందుకు 30. మొత్తం 60. ఒక్క కిలో బరువు పెరగకపోయినా 'ఎక్కువ ముప్పు' జాబితాలోకి వచ్చేశారు. నడుము ఒక్క రెండు సెంటీమీటర్లు పెరిగితే 70.

ఇంకో సంగతి. 'మా అమ్మానాన్నలకు షుగర్ లేదు' అని పెద్దవాళ్లు చెప్పే మాటను పూర్తిగా నమ్మలేం. ఆ తరంలో పరీక్ష చేయించుకున్నదెవరు? కాబట్టి ఆ సున్నాను సున్నాగా తీసుకోకపోవడమే మంచిది.

ఈ స్కోరు రోగం ఉందని చెప్పదు, పరీక్ష చేయించుకోమని చెబుతుంది. పరగడుపున షుగర్ 100 నుంచి 125 మధ్య ఉంటే, లేదా మూడు నెలల షుగర్ అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీ డయాబెటిస్. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 దాటితే షుగర్ వచ్చినట్టే, ఇంకోసారి పరీక్షతో ఖాయం చేసుకోవాలి. ఒక చిన్న జాగ్రత్త. రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది. వాళ్లకు పరగడుపు, తిన్నాక పరీక్షలు కూడా చూడాలి.

ఈ వయసులో మార్చుకుంటే ఏం లాభం?

'60 ఏళ్లు ఇట్లాగే బతికాం, ఇప్పుడు కొత్తగా ఏం మార్చుకుంటాం' అనేది ఇంటింటా వినిపించే మాట. కానీ పరిశోధన చెబుతున్నది అందుకు పూర్తిగా వ్యతిరేకం.

అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. ప్రీ డయాబెటిస్ ఉన్న 3,234 మందితో చేసిన అధ్యయనం ఇది. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం.. లక్ష్యం ఇంతే. షుగర్ వచ్చే ముప్పు మొత్తం మీద 58 శాతం తగ్గింది. 60 దాటినవాళ్లలో అయితే 71 శాతం! మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే, అది కూడా పెద్ద వయసువాళ్లలో అంత పని చేయలేదు. అంటే పెద్దవాళ్లకు మాత్ర కంటే నడకే ఎక్కువ మేలు చేసింది.

అది అమెరికా కదా అంటారా? పులికాట్‌కు పక్కనే ఉన్న చెన్నైకే వద్దాం. డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం 531 మందితో చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఏ మార్పూ లేనివాళ్లలో మూడేళ్లలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో అది 39 శాతం. ముప్పు 28.5 శాతం తగ్గింది. అమెరికా అంత తగ్గలేదు, నిజమే. కానీ మనవాళ్లలో షుగర్ ఎంత వేగంగా ముదురుతుందో కూడా ఆ 55 శాతం చెబుతోంది. ఆలస్యం చేసే తీరిక మనకు లేదు.

చైనాలోని దాచింగ్‌లో 1986లో మొదలైన అధ్యయనాన్ని 30 ఏళ్లపాటు వెంబడించారు. అలవాట్లు మార్చుకున్నవాళ్లకు షుగర్ దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి 26 శాతం తగ్గాయి. 65 ఏళ్ల మనిషికి నాలుగేళ్లు అంటే మామూలు విషయం కాదు.

పళ్లెంలో ఏం మారాలి?

ఇండియాబ్ బృందమే 2025లో మన తిండి మీద ఇంకో విశ్లేషణ ఇచ్చింది. మన శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందట. అందులో ఎక్కువ తెల్లన్నం, మరపట్టిన ధాన్యం, చక్కెర. అన్నం మానేసి అంతే మోతాదులో గోధుమో, చిరుధాన్యమో తింటే పెద్ద లాభం కనిపించలేదు. పిండిపదార్థాల్లో కొంత తగ్గించి, ఆ స్థానంలో పప్పు, పాలు లాంటి ప్రొటీన్ పెంచితేనే ముప్పు తగ్గింది.

రాయలసీమ వైపు వాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రాగి సంగటి మంచిదే. కానీ 'రాగే కదా' అని రెండు ముద్దలు లాగిస్తే షుగర్ దిగదు. ముద్ద తగ్గాలి, పక్కన ఆకుకూర పప్పు పెరగాలి.

పులికాట్ వాళ్లకు ఒక వరం ఉంది. చేప! మంచి ప్రొటీన్ ఇంటి ముందే దొరుకుతుంది. కానీ రేటు పలికే చేప, రొయ్య బయటకు అమ్ముడుపోతాయి. ఇంట్లో పెద్దవాళ్ల పళ్లెంలో అన్నం గుట్టగా, చేప ముక్క చిన్నగా ఉంటే లాభం లేదు. చిన్న చేపలైనా సరే, రోజూ పెద్దవాళ్ల వాటా పక్కన పెట్టండి. పులుసులో ఉడికించినది వేపుడు కంటే మేలు.

రెండోది ఉప్పు. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు కంటే తక్కువ ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎండు చేప, ఊరగాయ, చద్దన్నంలో కలిపే ఉప్పు.. మూడూ ఒకే పూట పడితే ఆ లెక్క దాటిపోవడం ఖాయం. షుగర్‌కు బీపీ తోడైతే కిడ్నీ, గుండె, మెదడు మూడింటికీ దెబ్బే. ఎండు చేప పూర్తిగా మానలేకపోతే నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి వండండి. ఆ కూరలో వేరే ఉప్పు వేయొద్దు. రోజూ కాకుండా ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయండి.

అడుసులో కాలు.. ఇక్కడి అసలు ప్రమాదం

షుగర్ జాగ్రత్తల్లో డాక్టర్లు కాళ్ల గురించి ఎప్పుడూ చెబుతారు. పులికాట్‌లో ఆ మాటకు పదింతల బరువు ఉంది. సరస్సు లోతు తక్కువ. చాలాచోట్ల నీళ్లలో దిగి నడుస్తూనే వేట. అడుగున అడుసు, అందులో పదునైన గుల్లలు, విరిగిన పెంకులు.

షుగర్ చాలాకాలం అదుపు తప్పితే పాదాల నరాలు మొద్దుబారతాయి. గుల్ల కోసినా నొప్పి తెలియదు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. బురద నీళ్లలో అదే కాలుతో నాలుగు రోజులు తిరిగాక వాపు, వాసన వస్తే అప్పుడు చూస్తారు. అప్పటికి పుండు లోపలికి పోయి ఉంటుంది. వేలు తీసేయాల్సి రావడం, పాదం పోవడం మొదలయ్యేది ఇట్లాగే. కాలు పోయిన మత్స్యకారుడికి బతుకుతెరువు కూడా పోయినట్టే.

ఇంకో అలవాటు కూడా ప్రమాదమే. కాళ్లు తిమ్మిరెక్కాయని వేడి నీళ్లలో ఉప్పు వేసి కాపడం పెడతారు. మొద్దుబారిన పాదానికి వేడి తెలియదు, చర్మం కాలి బొబ్బలు లేస్తాయి.

• రోజూ రాత్రి పాదం అడుగు, వేళ్ల సందులు చూడాలి. పెద్దవాళ్లకు చూపు ఆనకపోతే మనవడో, మనవరాలో చూడాలి.
• ఉత్త కాళ్లతో నీళ్లలోకి, ఇసుకలోకి దిగొద్దు. కాలికి పట్టి ఉండే రబ్బరు బూట్లు వాడాలి. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, వేళ్ల మధ్య పొడిగా తుడవాలి.
• ఆనెకాయలు బ్లేడుతో కోయొద్దు. చిన్న గాయమైనా రెండు రోజుల్లో తగ్గకపోతే క్లినిక్‌కు వెళ్లాలి.

షుగర్ పడిపోవడమూ ప్రమాదమే

ఎక్కువ షుగర్ ఏళ్ల తరబడి నెమ్మదిగా దెబ్బ తీస్తుంది. తక్కువ షుగర్ గంటలో పడేస్తుంది. పెద్దవాళ్ల విషయంలో ఈ రెండోదాన్ని మనం మర్చిపోతున్నాం.

గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమిపిరైడ్ రకం మాత్రలు వేసుకుని, తిండి తినకుండా తెల్లారుజామున పడవ ఎక్కితే? చెమటలు, వణుకు, తికమక మాటలు, కళ్లు తిరగడం. పడవ మీద అది జరిగితే నీళ్లలో పడటమే. ఈ రకం మాత్రలు పెద్దవాళ్లకు జాగ్రత్తగా రాయాలని, గ్లిబెన్‌క్లమైడ్‌ను వీలైనంత తప్పించాలని అమెరికా వృద్ధవైద్య నిపుణుల సంఘం కూడా చెబుతోంది. మీ ఇంట్లో పెద్దవాళ్లు పాత చీటీతో అవే మాత్రలు ఏళ్లుగా కొంటుంటే, ఒకసారి డాక్టర్‌కు చూపించి మార్చాలేమో అడగండి. సొంతంగా మాత్రం ఆపొద్దు.

స్పృహలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

అందుకే అందరికీ ఒకే టార్గెట్ పనికిరాదు. ఆరోగ్యంగా తిరిగే 62 ఏళ్ల మనిషికి హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉండాలంటారు. 80 దాటి, గుండె, కిడ్నీ సమస్యలు కూడా ఉన్నవాళ్లకు 8 వరకు ఉన్నా డాక్టర్లు ఒప్పుకుంటారు.

వ్యవస్థ ఉంది.. తీగ ఎక్కడ తెగుతోంది?

రాష్ట్రంలో 18 ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్, కొన్ని రకాల క్యాన్సర్ల పరీక్షల కోసం 2024 నవంబరులో ఇంటింటి సర్వే మొదలైంది. గ్రామాల్లో క్లినిక్‌లు, ఏఎన్ఎంలు, ఆశాలు, 104 వాహనాలు ఉన్నాయి. ఆసుపత్రిలో చేరాక ఆదుకోవడానికి ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. అంటే మొదటి పరీక్షకు ఒక దారి, చివరి ఆపరేషన్‌కు ఒక దారి ఉన్నాయి. మధ్యలో ఉండే పదేళ్లే ఖాళీ.

ఒకసారి వేలు గుచ్చి నంబర్ చెప్పి వెళ్లిపోతే సరిపోదు. తెలిసినవాళ్లలో కూడా సగం మందికి అదుపు లేదని లాసీ చెప్పింది ఇదే. ప్రతి నెలా ఎవరో ఒకరు కలవాలి. కొత్త పథకం, కొత్త సిబ్బంది లేకుండా ఇది జరుగుతుందా?

జరుగుతుంది! రాష్ట్రంలో మత్స్యకారులకు 50 ఏళ్లకే పెన్షన్ వస్తుంది. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయలు. ప్రతి నెలా మొదట్లో సచివాలయ సిబ్బంది ఇంటికే వచ్చి ఇస్తారు. దీవిలో ఉన్నా, ఊరి చివర యానాది కాలనీలో ఉన్నా ఆ రోజు ప్రభుత్వం గడప దాకా వస్తుంది. అదే వారంలో ఏఎన్ఎం లేదా ఆశా బీపీ మిషన్, షుగర్ మిషన్, ఒక టేపు పట్టుకుని అదే జాబితాతో తిరిగితే? నడుము కొలత, బీపీ, షుగర్, పాదాల పరీక్ష. మనిషికి పది నిమిషాల పని. పెన్షన్ మొదలయ్యే 50 ఏళ్లు, స్కోరులో 30 మార్కులు మొదలయ్యే 50 ఏళ్లు ఒకటే కావడం మనకు కలిసొచ్చే విషయం.

రెండో అవకాశం సముద్ర వేట నిషేధం. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మర పడవలు కదలవు. మగవాళ్లు ఊళ్లోనే ఉంటారు. కంటి రెటీనా పరీక్ష, కిడ్నీ పరీక్షల క్యాంపులు పెట్టడానికి అంతకంటే మంచి రోజులు దొరకవు. మూడోది, ఇరకం లాంటి చోట్లకు నెలకు ఒక మాత్రల పొట్లం కాకుండా రెండు మూడు నెలలకు సరిపడా మందులు ఇవ్వాలి. మాత్ర కోసం పడవ ఎక్కాల్సిన మనిషి మాత్రే మానేస్తాడు.

ఇంట్లో ఈ వారమే చేయాల్సినవి

• అమ్మానాన్నల నడుము కొలవండి. పైన చెప్పిన స్కోరు వేయండి. 60 వస్తే విలేజ్ క్లినిక్‌లో పరగడుపు షుగర్, బీపీ పరీక్ష చేయించండి.
• వేట మానేసిన పెద్దాయన రోజూ అరగంట నడవాలి, వారంలో ఐదు రోజులు. ఒకేసారి కుదరకపోతే తిన్నాక పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా చాలు.
• నడక ఒక్కటే సరిపోదు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం వారానికి మూడు రోజులు చేయించండి. పడిపోయే ప్రమాదం తగ్గుతుంది.
• బీడీ, సారా ఉంటే షుగర్ కంటే ముందు వాటి సంగతి మాట్లాడండి. మొద్దుబారిన కాలికి బీడీ పొగ తోడైతే రక్తం అందక పుండు మానదు.
• ఇంట్లో అవ్వను మర్చిపోవద్దు. చేపలు ఎండబెట్టి, గంప మోసి అమ్మిన చేతులు ఆగిపోతే ఆమె స్కోరూ అట్లాగే పెరుగుతుంది. ఆడవాళ్లకు నడుము హద్దు 80 సెంటీమీటర్లే.

వేటకు వెళ్తున్నారా, మానేశారా? పెన్షన్ ఇచ్చే రోజు సంతకంతో పాటు ఈ ఒక్క ప్రశ్న అడిగి, మానేసినవాళ్ల పేర్లు ఏఎన్ఎంకు ఇస్తే చాలు. పులికాట్ తీరంలో ముందుగా పరీక్ష ఎవరికి చేయాలో ఆ జాబితానే చెబుతుంది.